హెలికాప్టర్ కూలింది... తప్పు ఎవరిది?



దసరాకి ఆయుధ పూజ గురించి మన ఛానల్‌లో మాట్లాడుకున్నాం కదా. అన్నం పెట్టే పనిముట్టైనా, సరదా తీర్చే వస్తువైనా, ఆ రోజు శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి, దాని ముందు చేతులు జోడిస్తాం. మీలో చాలామంది బైకుకీ, లాప్‌టాప్‌కీ పెట్టి ఉంటారు. నేను నా రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్‌కి పెట్టాను. అదే రోజు సాయంత్రం దాన్ని కూల్చేశాను.

ఈ వారం పాఠం ఆ హెలికాప్టర్ గురించే. అది ఎలా కూలింది, నేను ఎలా బాగుచేశాను, బాగుచేశాక మళ్ళీ ఎందుకు కూలింది, రెండోసారి అసలు ఏం బాగుచేయాల్సి వచ్చింది... అన్నీ వరసగా చెబుతాను. ఇలాంటి హాబీ ఉన్నవాళ్ళకి ఇందులో పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. లేనివాళ్ళు కూడా చివరిదాకా చదవండి, మీ పనిలో కూడా ఇలాంటిది ఒకటి జరిగే ఉంటుంది.

ముందు, ఇది ఎలాంటి వస్తువు?

జాతరలో, షాపుల్లో దొరికే బొమ్మ హెలికాప్టర్ లాంటిది కాదు ఇది. హాబీ వాళ్ళు 450 సైజు అంటారు. రెక్క ఒక్కోటి 325 మిల్లీమీటర్లు. రెండు రెక్కలూ తిరిగితే గీసే చక్రం అడ్డంగా 70 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. బ్యాటరీతో కలిపి బరువు కిలో కూడా ఉండదు. అందుకే చూసేవాళ్ళకి ఆటవస్తువులా అనిపిస్తుంది.

కానీ ఒక లెక్క చూడండి. రెక్కలు నిమిషానికి 2800 సార్లు తిరుగుతున్నాయి అనుకుందాం. అప్పుడు రెక్క కొస సెకనుకి సుమారు 104 మీటర్లు పోతోంది. అంటే గంటకి 370 కిలోమీటర్ల పైమాట. ఆ వేగంతో వచ్చే రెక్క కొసకి వేలు అడ్డం పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంతకంటే పెద్ద మోడల్స్‌తో ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఒక పార్కులో, ఎగరేస్తున్న యువకుడే తన హెలికాప్టర్ తగిలి చనిపోయాడు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందుముందు నేను చెప్పబోయేది మీకు సరిగ్గా అర్థం కావాలంటే ఈ వేగం గుర్తుండాలి.

ఇంకో విషయం. విమానం మోడల్‌కి గాలిలో తనంతట తానే కొంత సర్దుకునే గుణం ఉంటుంది. హెలికాప్టర్‌కి అది లేదు. నా దాంట్లో ఉన్న గైరో అది ఉన్నట్టుండి తిరిగిపోకుండా ఆపుతుంది, అంతే. ఒక పక్కకి వంగితే మళ్ళీ నిటారుగా నిలబెట్టదు. ఆ పని మన బొటనవేళ్ళే చేయాలి, సెకను సెకనుకీ చేస్తూనే ఉండాలి. గిన్నె బోర్లించి దాని మీద గోలీ నిలబెట్టడం లాంటిదని అనుకోండి.

మొదటిసారి కూలిన సాయంత్రం

మేముండేది హైదరాబాద్‌లో. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఇలా నగరం చుట్టూ విమానాలు దిగే చోట్లు ఉన్నాయి కాబట్టి ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి లేదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకుని, ఊరి బయట ఇంకా ఇళ్ళు కట్టని ఒక లేఅవుట్‌కి వెళ్ళేవాణ్ణి. దసరా రోజు ఇద్దరు ఫ్రెండ్స్ కూడా వచ్చారు.

అప్పటిదాకా నాకు వచ్చింది ఒక్కటే. హెలికాప్టర్ తోక నా వైపు, ముక్కు అటువైపు ఉంచి గాల్లో నిలబెట్టడం. అలా ఉన్నప్పుడు దాని కుడి, నా కుడి ఒకటే. ఆ రోజు ఫ్రెండ్స్ ముందు గొప్ప కోసం దాన్ని నా వైపు తిప్పాను. ముక్కు నా వైపు వచ్చింది. ఇప్పుడు దాని కుడి నాకు ఎడమ అయింది. మూడు నాలుగు సెకన్లు బాగానే ఉంది. తర్వాత ఎడమకి జారడం మొదలెట్టింది. ఆపుదామని స్టిక్ కుడికి నెట్టాను. ఇంకా వేగంగా ఎడమకి పోయింది. కంగారులో ఇంకా కుడికి నెట్టాను. నేలకి గుద్దుకుంది.

దుమ్ము లేచింది, టకటకమని శబ్దం వచ్చింది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఒక రెక్క విరిగి వెళ్ళి తోక గొట్టాన్ని కొట్టింది.

ఫ్రెండ్ అడిగాడు, "ఏమైందిరా?"

"సిగ్నల్ పోయింది" అన్నాను.

చూడండి, ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అబద్ధం చెబుతున్నాను అని కూడా అనిపించలేదు. నేను కుడికి నెట్టాను, అది ఎడమకి పోయింది, కాబట్టి నా మాట అది వినలేదు, కాబట్టి సిగ్నల్ పోయింది. లెక్క సరిపోయింది కదా! ఇంటికొచ్చాక అమ్మ అంది, "పూజ చేసిన రోజే అందరి ముందూ ఎగరేశావు, దిష్టి తగిలిందిరా" అని. అది కూడా ఒప్పుకున్నాను. గాలి కూడా ఎక్కువగా ఉంది అన్నాను. సిగ్నల్, దిష్టి, గాలి. ముగ్గురు దోషులు దొరికారు. నాలుగోవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.

మొదటి రిపేరు: కనిపించినవే మార్చాను

విరిగినవి మార్చడం కష్టం కాదు. రెక్కల జత, తోక గొట్టం, పెద్ద పళ్ళచక్రం, కాళ్ళు ఆర్డర్ పెట్టాను. సిగ్నల్ పోయిందని నేనే చెప్పాను కాబట్టి కొత్త రిసీవర్ కూడా కొన్నాను. మొత్తం మీద అన్నింటికంటే ఖరీదైనది అదే! చెడిపోని వస్తువుని డబ్బు పెట్టి మార్చడం అంటే ఇదే మరి.

రెండు రెక్కలూ బిగించే పట్టుల మధ్య, తల లోపల, సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. ఫెదరింగ్ షాఫ్ట్ అంటారు. రెక్క నేలకి తగిలితే ముందు వంగేది అదే. బయటికి తీసి కంటికి ఎదురుగా పెట్టి చూశాను. తిన్నగానే ఉంది అనిపించింది. అదే మళ్ళీ వేసేశాను. దాని ఖరీదు రెండు కాఫీలంత. పొదుపు చేశాననుకున్నాను.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మళ్ళీ బయటికి తీశాను. అక్క వాళ్ళు ఊరి నుంచి వచ్చారు. మేనల్లుడు, పదకొండేళ్ళవాడు, ఇంట్లో అందరం చిన్నోడు అంటాం, చూస్తానని ఒకటే గోల. అందర్నీ తీసుకుని వెళ్ళాను. "పదిహేను అడుగుల దూరంలో నిలబడండి చాలు" అన్నాను. ఈ రోజు ఆ మాట తల్చుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

లేపగానే తోక సన్నగా వణుకుతోంది. ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. అయినా దించలేదు. చిన్నోడు చప్పట్లు కొడుతున్నాడు. ముక్కు నా వైపు తిప్పాను. మళ్ళీ ఎడమకి జారింది. మళ్ళీ కుడికి నెట్టాను.

ఎడమ వైపు నిలబడింది చిన్నోడు.

హెలికాప్టర్ వాడి వైపే పోయింది. వాడికి నాలుగడుగుల ఇవతల నేలని తాకింది. విరిగిన రెక్క ముక్క వాడి పక్క నుంచి దూసుకెళ్ళి వెనక ప్రహరీ గోడకి తగిలింది. ఆ గోడ సిమెంట్ మీద ఇప్పటికీ గీత ఉంది. అక్క అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. మోటారు ఆపే స్విచ్ నా ట్రాన్స్‌మిటర్ మీదే, వేలికి అందే దూరంలోనే ఉంది. దాన్ని నొక్కాలని నాకు తోచనే లేదు. కింద పడ్డాక కూడా మోటారు గురగురలాడుతూనే ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ అనుకున్నాం అందరం. కానీ నేను చేసింది చూడండి. అక్క ఇంకా వాణ్ణి దగ్గరికి తీసుకుని తడిమి చూస్తుంటే, నేను అప్పుడే చెప్పడం మొదలెట్టాను. "వణుకు వస్తోందక్కా, పార్ట్ ఏదో లూజైంది, కంట్రోల్ తప్పింది..."

చిన్నోడు అమ్మ చేతుల్లోంచే అన్నాడు. "కాదు మామయ్యా. అది ఇటు వస్తుంటే నువ్వు కుడికి తిప్పావు. దానికి కుడి అంటే నా వైపే కదా."

వాడి మొహంలో నన్ను తప్పు పట్టే ఉద్దేశమే లేదు. లెక్కల్లో తప్పు చూపించినట్టు చెప్పాడు. వాడు అక్క ఫోన్‌లో వీడియో కూడా తీశాడు. ఇంటికొచ్చి చూశాం. తెర మీద ఒక మూల నా చేతులు కనిపిస్తున్నాయి. బొటనవేలు కుడికి వెళుతుంది, హెలికాప్టర్ తన కుడికి ఒరుగుతుంది. వేలు ఇంకా కుడికి, అది ఇంకా ఒరుగుతుంది. దాన్ని ఆపి ఆపి ఐదుసార్లు చూశాను. సిగ్నల్ ఒక్క క్షణం కూడా పోలేదు. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది పాపం.

అమ్మ చెప్పిన కుట్టుమిషన్ సంగతి

ఆ రాత్రి అమ్మతో అన్నాను, "పూజ చేసినా ఇలా అయిందమ్మా" అని.

అమ్మ కాసేపు ఆగి అంది, "మీ తాతయ్య దసరా ముందు రోజు కుట్టుమిషన్ మొత్తం విప్పేవాడు. అడుగున పేరుకున్న దూది, దారం ముక్కలు తీసేవాడు. ప్రతి చుక్కలోనూ నూనె వేసేవాడు. సూది మార్చేవాడు. బెల్టు చూసేవాడు. అదంతా అయ్యాక చేతులు కడుక్కుని అప్పుడు బొట్టు పెట్టేవాడు. నువ్వు పైపైన గుడ్డతో తుడిచి బొట్టు పెట్టావు."

ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాతయ్యకి విప్పడం కూడా పూజలో భాగమే. నేను విప్పడం వదిలేసి బొట్టు మాత్రం తీసుకున్నాను. దిష్టి మాట అమ్మ నా మీద ప్రేమతో అంది. దాని వెనక దాక్కున్నది నేను.

రెండో రిపేరు: ఈసారి వరస ప్రకారం

రెండోసారి చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. సెలవులకి వచ్చినప్పుడల్లా వాడే నా అసిస్టెంట్. మేం పాటించిన వరస ఇది.

1. పడిన చోటే చేయాల్సినవి. ముందు మోటారు ఆపే స్విచ్. రెక్కలు పూర్తిగా ఆగాక దగ్గరికి వెళ్ళి బ్యాటరీ వైరు పీకాలి. ట్రాన్స్‌మిటర్ ఆపేది ఆఖర్న. తీసే ముందు ఒక ఫోటో. లైపో బ్యాటరీకి సొట్ట పడిందా, ఉబ్బిందా, వేడిగా ఉందా, తియ్యటి రసాయనం వాసన వస్తోందా చూడాలి. అనుమానం ఉంటే దాన్ని మట్టి మీద, కాలే వస్తువులకు దూరంగా, కనీసం అరగంట ఉంచి గమనించాలి. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి ఛార్జింగ్ పెట్టకండి. దాన్ని చెత్తబుట్టలో కూడా వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

2. స్క్రూడ్రైవర్ పట్టకముందు పెన్ను పట్టాలి. ఏ వైపు తిరిగి ఉంది, ఎటు పోయింది, నా వేలు ఎటు పోయింది, పడకముందు శబ్దం మారిందా. నాలుగు లైన్లు చాలు. విప్పడం మొదలెట్టాక మన బుర్ర మనకి నచ్చిన కథ అల్లేస్తుంది. ముందే రాసుకుంటే ఆ కథకి చోటుండదు.

3. విప్పడం. కింద పాత తెల్ల తువ్వాలు పరిచాం, స్క్రూ పడితే దొర్లిపోకుండా. అమ్మ పాత పోపుల డబ్బా ఇచ్చింది. తల స్క్రూలు ఒక గిన్నెలో, తోకవి ఒక గిన్నెలో, సర్వోలవి ఇంకో గిన్నెలో. డబ్బా తీసినప్పుడల్లా ఇంకా మెంతుల వాసనే. అరిగిపోయిన ఆలెన్ కీ వాడకండి, స్క్రూ తల పాడైపోతుంది. బిగుసుకున్న స్క్రూకి టంకం వేసే కడ్డీ కొస ఆనించి కాస్త వేడి చేస్తే లోపలి జిగురు వదులుతుంది.

4. కంటిని నమ్మకుండా పరీక్ష పెట్టడం. ఫెదరింగ్ షాఫ్ట్‌ని అద్దం మీద పెట్టి మెల్లగా దొర్లించాం. నేను తిన్నగా ఉందన్న కడ్డీ కింద నుంచి వెలుగు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. "వంగింది మామయ్యా!" అన్నాడు చిన్నోడు. తోక వణుకు అక్కడి నుంచే. వంగిన కడ్డీతో తల ఊగుతుంది, ఆ ఊపు గైరోకి అందుతుంది, అది తోకని సర్దబోయి ఇంకా వణికిస్తుంది. మెయిన్ షాఫ్ట్‌ని కూడా అలాగే దొర్లించాలి. వంగిన షాఫ్ట్‌ని సుత్తితో సరిచేసే ప్రయత్నం చేయకండి. మార్చడమే దారి.

పెద్ద పళ్ళచక్రాన్ని మోటారు పళ్ళకి ఆనించి ఒక పూర్తి చుట్టు వేలితో తిప్పండి. ఎక్కడైనా తట్టినట్టు ఉంటే పన్ను పోయినట్టే. సర్వో చేతిని మెల్లగా కదిపినప్పుడు మధ్యలో టిక్కున జారితే లోపలి గేర్ విరిగినట్టు. బేరింగ్‌ని వేళ్ళ మధ్య తిప్పినప్పుడు ఇసుక పడ్డట్టు గరగరమంటే తీసేయాలి. రెక్క ఒకటే పాడైనా జత మొత్తం మార్చాలి. సన్నటి చీలిక ఉన్న రెక్కని టేపు వేసి వాడేవాళ్ళని చూశాను. ఇందాక చెప్పిన వేగం గుర్తుచేసుకోండి చాలు.

5. బిగించడం. ఇనుము ఇనుముతో కలిసే ప్రతి స్క్రూకి నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క వేయాలి. లేకపోతే తిరిగే వేగానికి స్క్రూ వదులై బయటికి వచ్చేస్తుంది. ప్లాస్టిక్‌కి మాత్రం తగలనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానివల్ల పగుళ్ళిస్తుంది. రెక్క పట్టుల్లో ఉండే థ్రస్ట్ బేరింగ్ రింగులు రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని రంధ్రం కొంచెం పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది లోపలి వైపు, చిన్నది బయటి వైపు. తారుమారైతే రెక్కలు స్వేచ్ఛగా కోణం మార్చలేవు. గ్రీజు మర్చిపోకండి. మోటారు పళ్ళకీ పెద్ద చక్రానికీ మధ్య ఎంత సందు ఉండాలంటే, సన్నటి కాగితం ముక్క మధ్యలో పెట్టి దగ్గరికి నొక్కి మోటారు బిగించండి. తర్వాత చక్రం తిప్పితే కాగితం ముడతలు పడి బయటికి వస్తుంది. ఆ సందు సరిపోతుంది.

6. రెక్కలు లేకుండా పరీక్ష. మోటారుకి వెళ్ళే మూడు వైర్లలో రెండు పీకేసి, అప్పుడు బ్యాటరీ పెట్టాలి. స్టిక్ ఎటు జరిపితే స్వాష్‌ప్లేట్ అటే వంగుతోందా? స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు అది సమతలంగా ఉందా? హెలికాప్టర్ తోకని చేత్తో పక్కకి తిప్పితే, దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చే వైపు తోక రెక్కల కోణం మారుతోందా? గైరో దిక్కు తప్పుగా పెట్టి లేపితే హెలికాప్టర్ బొంగరంలా తిరుగుతుంది. దాన్ని ఆపడం మన వల్ల కాదు.

7. మళ్ళీ లేపడం. బయట, ఎవరూ లేని చోట. మనం కనీసం పది అడుగులు వెనక్కి కాదు, పది మీటర్లు వెనక్కి. చూసేవాళ్ళు మనకి వెనక, ఇంకా దూరంగా. ఒక రెక్క కొసకి ఎర్ర టేపు అంటిస్తే, తిరిగేటప్పుడు రెండు రెక్కలూ ఒకే ఎత్తులో పోతున్నాయో లేదో తెలుస్తుంది. ఒకటి పైన, ఒకటి కింద పోతుంటే ఆపేసి లింకు సర్దుకోవాలి. చూడటం కోసం రెక్కల ఎత్తుకి వంగి మొహం పెట్టొద్దు. వణుకు ఉంటే వెంటనే దించేయాలి. "ఈ ఒక్క రౌండ్ చూసి దించుదాం" అనుకోకూడదు. నేను అనుకున్నాను.

ఇంకో పార్టు మిగిలింది

ఇన్ని చేశాక హెలికాప్టర్ తయారైంది. కానీ రాసుకున్న నాలుగు లైన్లలో మూడోది అలాగే ఉంది. "నా వేలు ఎటు పోయింది?" వంగిన షాఫ్ట్ వణుకు తెచ్చింది, నిజమే. కానీ రెండుసార్లూ కూల్చింది మాత్రం నా బొటనవేలు. దానికి స్పేర్ పార్టు దొరకదు.

ట్రాన్స్‌మిటర్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపితే సిమ్యులేటర్‌లో ఎగరేయొచ్చు. నా దగ్గర అది మొదటి నుంచీ ఉంది. చిన్నపిల్లల ఆట అని ముట్టుకోలేదు. ఇప్పుడు రోజూ రాత్రి 20 నిమిషాలు పెట్టుకున్నాను. మొదటి వారం తోక నా వైపు. తర్వాత పక్కకి, ఎడమ పక్క, కుడి పక్క. ఆ తర్వాతే ముక్కు నా వైపు. మొదటి రోజు ముక్కు నా వైపు పెట్టి ఎన్నిసార్లు కూల్చానో లెక్క పెట్టడం మానేశాను. ఒక చిట్కా బాగా పనికొచ్చింది. ముక్కు మన వైపు ఉన్నప్పుడు కుడి, ఎడమ అని ఆలోచించకూడదు. ఏ పక్క కిందికి ఒరిగిందో స్టిక్ ఆ పక్కకే నెట్టాలి. కింద పడబోతున్న పక్కకి చెయ్యి ఆసరా పెట్టినట్టు.

దాంతోపాటు ఇంకొకటి సాధన చేశాను. భయం వేయగానే మోటారు ఆపే స్విచ్ నొక్కడం. కావాలని అదుపు తప్పించి, నొక్కడం. మళ్ళీ, మళ్ళీ. ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించడానికి టైమ్ ఉండదు, వేలికి అలవాటైందే చేస్తుంది. ఆపేస్తే హెలికాప్టర్ పోతుంది, అంతే కదా. పోనీ. కొత్తది కొనుక్కోవచ్చు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను కూడా. "ఆ రోజు లూజైన పార్ట్ ఏమీ కాదక్కా. నేను తప్పు వైపు తిప్పాను. వాణ్ణి అంత దగ్గర నిలబెట్టింది కూడా నేనే." రెండు నెలలుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "వాడు ఆ రోజే చెప్పాడు కదరా." ఇంకో నిమిషం ఆగి, "ఈసారి వాడు నీ వెనక నిలబడాలి" అంది. అంటే మళ్ళీ పంపిస్తుందని అర్థం. అప్పుడు నా కళ్ళు చెమ్మగిల్లాయి.

సంక్రాంతి ముందు ఆదివారం

పొద్దున్నే వెళ్ళాం, గాలిపటాలు లేవకముందే. దారం రెక్కల్లో పడితే అంతే సంగతులు కదా. చిన్నోడు నా వెనక, చాలా దూరంలో, చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. వాడే రాసిన చెక్‌లిస్ట్ అది. గట్టిగా చదివాడు, ఒక్కొక్కదానికీ నేను "చూశాను" అన్నాను. ఆఖరి లైన్ "మామయ్య కంగారు పడకూడదు" అని ఉంది.

లేపాను. తోక వణకలేదు. ఒక నిమిషం అలాగే నిలబెట్టాను. పక్కకి తిప్పాను. తర్వాత ముక్కు నా వైపు. ఎడమకి జారింది. నా వేలు ఎడమకే వెళ్ళింది. అది మెల్లగా ఆగి నిలబడింది.

పది సెకన్లు అయ్యుంటుంది, ఎక్కువ కాదు. దించేశాను. ఇంకా బ్యాటరీ ఉంది, ఇంకా ఎగరేయొచ్చు. ఆ రోజుకి చాలు అనిపించింది.

ఈ వారం మీ కోసం

ప్రతి పాఠం చివర్లో లాగే మూడు ప్రశ్నలు. ఎవరికీ చెప్పక్కర్లేదు, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

మొదటిది. ఈ మధ్య మీ చేతిలో చెడిపోయింది ఏదైనా తల్చుకోండి. బండి, పరీక్ష, ఆఫీసు పని, ఒక స్నేహం. అప్పుడు మీ నోట్లోంచి వచ్చిన మొదటి కారణం ఏమిటి? ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వచ్చిందా?

రెండోది. దాన్ని బాగుచేసేటప్పుడు "తిన్నగానే ఉంది" అని కంటితో చూసి వదిలేసింది ఏదైనా ఉందా? దాన్ని అద్దం మీద దొర్లించి చూడటం అంటే మీ విషయంలో ఏం చేయాలి?

మూడోది. మీ తప్పు జరిగినప్పుడు దగ్గర్లో నిలబడింది ఎవరు? వాళ్ళకి మీరు అసలు సంగతి చెప్పారా?

వచ్చే దసరాకి నా ప్లాన్ ఇప్పుడే చెబుతున్నాను. ముందు రోజు చిన్నోడూ నేనూ కూర్చుని హెలికాప్టర్ మొత్తం విప్పుతాం. పోపుల డబ్బా సిద్ధంగా ఉంది. అన్నీ చూసి, బిగించి, చేతులు కడుక్కున్నాక బొట్టు పెడతాం. ఈసారి స్క్రూడ్రైవర్ల సెట్టుకి, ఆ అద్దం ముక్కకి కూడా.

వచ్చే వారం ఇంకో పాఠంతో కలుద్దాం. నమస్కారం.